ఇంకొక రాడ్డు

నీరు మోయు పని మనది, నుయ్యి త్రవ్వించు పని మగవారిది అని మన యిండ్లలో చిరకాలముగా నొక పంపకము జరిగియున్నది. ఎక్కడ త్రవ్వవలెను, ఎంతలోతు త్రవ్వవలెను, ఎవరిని పిలువవలెను అను మాటలు వీధియరుగుమీద తేలిపోవును. ఆ నీటితో పప్పుడుకునా, సబ్బు నురుగు వచ్చునా, బిడ్డల పండ్లకు గారపట్టునా అను మాటలు వంటయింట తరువాత పుట్టును. అప్పటికి సొమ్ము చెల్లించుట ముగిసియుండును. పలుగు పారలతో నెలలకొలది త్రవ్వు నాళ్లలో మనసు మార్చుకొనుటకైనను వ్యవధి యుండెడిది. ఇప్పుడు లారీమీద యంత్రము నెక్కించుకొని వచ్చి, ఒక పగలు ఒక రాత్రిలో ఆరువందల అడుగులు తొలిచి పోవుచున్నారు. కావున ఆ పని యెట్లు జరుగునో, చేయువారు ఏ వేళ దేనిని చూచుచుందురో మన సోదరీమణులు తెలిసికొనియుండుట అవసరమని మాకు తోచుచున్నది.

మేము పుట్టినది మెట్టలో, మెట్టినది సముద్రపుటొడ్డున. పుట్టినిల్లు దర్శికి పడమరగా ప్రత్తియు మిరపయు పండు పల్లె. అత్తవారిల్లు చీరాలకు నాలుగు మైళ్ల దూరమున నున్న వాడరేవు. ఈ వాడరేవు 1970 వరకు గుంటూరు జిల్లాలోనిది, పిమ్మట ప్రకాశము జిల్లాలోనిది, 2022 నుండి బాపట్ల జిల్లాలోనిది. మా అత్తగారు ఇల్లు కదలకుండగనే మూడు జిల్లాల కాపురము చేసితినని నవ్వుచుందురు. ఆ రెండిండ్లవద్దను బోరు వేయుట దగ్గరుండి చూచితిమి. ఒకటి రాతిలో, ఒకటి ఇసుకలో.

మొదట రాతి సంగతి.

రెండేండ్ల క్రిందట మాఘమాసములో మాయన్నగారి చేలోని పాతబోరు ఎండిపోయినది. మిరప రెండవకోత కాయ కళ్లమున ఎండుచున్నది. మూడవకోత కాయ చెట్టుమీద నున్నది. పది పదునైదు దినములు తడి లేకున్న ఆ కాయ తాలు కావలసినదే. పురుగుమందులకును కూలికిని అప్పటికే అప్పుండెను. వదినగారి గాజులు నాలుగు బ్యాంకులో తాకట్టుపెట్టి, ఆ సొమ్ముతో క్రొత్తబోరునకు పూనుకొనిరి.

తావు చూపుటకు ఇద్దరు వచ్చిరి. ఒకరు అరచేతిలో కొబ్బరికాయ నిలిపి చేలో నడచువారు. కాయ నిటారుగా లేచినచోట నీరున్నదందురు. రెండవవారు భూగర్భశాస్త్రము చదివినవారు. నేలలో ఇనుపమేకులు దిగగొట్టి, తీగలు తగిలించి, భూమిలోనికి విద్యుత్తు పంపి, అది పారుటకు నేల యెంత అడ్డుచెప్పుచున్నదో కొలిచిరి. తడిసిన రాయి తక్కువగను, పొడిరాయి ఎక్కువగను అడ్డుచెప్పునట. ఇద్దరు చూపిన తావులకును నడుమ ఎనుబది గజములున్నది. అన్నయ్య చదువుకొన్నవారి మాటయే నమ్మెను గాని, కొబ్బరికాయ ఆయననుగూడ తాంబూలములో సొమ్ముపెట్టి మర్యాదగా సాగనంపెను. నీటికడ మనిషి ఎవరితోను విరోధము పెట్టుకొనడు.

2002లో వచ్చిన వాల్టా చట్టము ప్రకారము క్రొత్తబోరునకు ముందుగా అనుమతి పొందవలెను. లారీయంత్రమునకును రిజిస్ట్రేషను ఉండవలెను. ఊరివారందరు త్రాగు బోరునకు 250 మీటర్లలోపల మన సొంతమునకు బోరు వేయరాదు. ఆ కాగితములు చేతికి వచ్చిన మరునాటి తెల్లవారుజామున రెండు లారీలు చేనిగట్టున నిలిచినవి.

చీరాల యనగానే చీరలు స్ఫురించునట్లు, తిరుచెంగోడు అనగానే బోరులారీలు స్ఫురించును. అది తమిళనాట నామక్కల్ జిల్లాలోని ఊరు. అక్కడి లారీలు దేశమంతట తిరుగుచుండును. 1967లో బీహారు కరవునాడు యునిసెఫ్ సంస్థవారు గాలి ఒత్తిడితో రాతిని తొలుచు యంత్రములను మన దేశమునకు విమానములలో తెప్పించిరి. పిమ్మట 1970 దశకములో ఇండియా మార్కు-2 అను చేతిపంపు వచ్చినది. మన చిన్ననాట ప్రతి పల్లెలోను, బడియావరణలోను కిర్రుమనుచుండిన పంపు అదియే. రాతినేలలో నూటయేబది అడుగుల క్రింది నీరు ఒక ఆడుమనిషి చేతికి అందుట ఆ రెంటి మూలముననే సాధ్యమైనది.

మా చేనికి వచ్చిన జట్టులో పదిమంది యుండిరి. మొదటి లారీమీద పడుకొనబెట్టిన ఇనుపస్తంభము, దానిని నడుపు యంత్రము ఉండును. రెండవదానిమీద గాలిని బిగబట్టి పంపు కంప్రెసరు, రాడ్లు, వంటసామగ్రి, పరుపుచుట్టలు ఉండును. స్తంభముప్రక్కన మీటల యెదుట నిలుచువానిని డ్రిల్లరందురు. ఆయన తమిళుడు. ఇరువదియేండ్లుగా మన జిల్లాలలో తిరుగుచుండుటచే తెలుగు బాగుగనే పలుకును. రాడ్లు ఎక్కించి దించు పిల్లలు నలుగురైదుగురు ఒడిశావారు. వంటవాడొకడు, కంప్రెసరు చూచువాడొకడు, లెక్కలు వ్రాయు మేనేజరొకడు. ఇల్లు లేని సంసారమది. లారీయే ఇల్లు, లారీ క్రిందనే నిద్ర, ఆగినచోటనే పొయ్యి.

ముందుగా లారీ నాలుగు మూలలను జాకీలు దించి చక్రములను నేలనుండి లేపిరి. బండి అంగుళము వాలినను బోరు వంకరపోవును. వంకరబోరులో మోటారు దిగదు. పిమ్మట స్తంభమును మెల్లగా నిలువబెట్టి, తిన్నగా నిలిచినదా యని నాలుగువైపులనుండి చూచిరి. వదినగారు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దీపము చూపిరి. ఒడిశా పిల్లవాడొకడు చెప్పులు విడిచి చేతులు జోడించి నిలిచెను.

అప్పుడు గాలి చూచుకొనవలసినది. మేనేజరు లారీని కళ్లమునకు తూర్పున నిలిపియుండెను. ఆనాడు గాలి తూర్పునుండి వీచుచున్నది. బోరునుండి లేచు దుమ్మంతయు నేరుగా ఎండుచున్న మిరపకాయమీదికి పోవును. రాతిదుమ్ము పడిన కాయకు గుంటూరు యార్డులో ధర యేమి పలుకును? వదినగారు ఈ మాట అనగనే మగవారు ఒకరిమొగము నొకరు చూచుకొనిరి. తావు మార్చుటకు వీలులేదు. మేమందరము కూలివారితో కలిసి గంటసేపు కాయను కుప్పచేసి పట్టాలు కప్పి, అంచులకు రాళ్లు పెట్టితిమి. అంతవరకు డ్రిల్లరు మీటముట్టక నిలిచెను. ఆ గంటకు ఆయనకు కూలి రాదు. ఆ మర్యాద మేము మరువలేదు.

పని యెట్లు జరుగునో వినుడు. రాడ్డనగా ఇరువది అడుగుల పొడవుగల బోలు ఇనుపగొట్టము. దాని చివర హ్యామరు, హ్యామరు చివర బిట్టు. బిట్టుముఖమున శనగగింజలకంటె కొంచెము పెద్దవైన గట్టిలోహపు బొడిపెలు పొదిగియుండును. కంప్రెసరునుండి గాలి బోలురాడ్డులోగుండ దిగి, హ్యామరులోని దిమ్మెను క్రిందికి మీదికి ఆడించును. ఆ దిమ్మె బిట్టును నిమిషమునకు వందలమారులు కొట్టును. పైనుండి రాడ్డు మెల్లగా తిరుగుచుండును, అందుచే ప్రతిదెబ్బయు క్రొత్తచోట పడును. పగిలిన రాతిపొడిని ఆ గాలియే రాడ్డుచుట్టునున్న సందులోనుండి పైకి ఊదివేయును. తిరుగలిలో పిండి అంచుగుండ రాలునట్లు, ఇక్కడ రాయి పిండియై నోటిగుండ ఎగయును. సుత్తి యుండునది పైన కాదు, పాతాళమున. అదియే ఈ యంత్రపు కిటుకు.

మొదట వెడల్పైన బిట్టుతో మట్టిని, మెత్తని గరుసును తొలిచి, గట్టిరాయి తగులువరకు పోయిరి. మా చేలో అది నలువది అడుగులు. అంతవరకు ప్లాస్టిక్కు గొట్టము దించిరి. దానిని కేసింగందురు. ఇది మట్టి విరిగి లోపలపడకుండ కాపాడును. పైమురుగు దిగకుండగను ఆపును. సొమ్ము మిగులునని కొందరు కేసింగును గట్టిరాయి తగులకమున్నే ఆపింతురు. అట్టిబోరు రెండు వానలకు పూడుట చూచితిమి. ఇందులో మాత్రము పిసినితనము కూడదు. కేసింగు బిగిసిన పిమ్మట ఆరున్నర అంగుళముల బిట్టు తగిలించి రాతిలో దిగిరి.

ఆ చప్పుడు చెప్పతరము కాదు. ప్రక్కవారి చెవిలో అరచినను వినబడదు. జట్టువారందరు చేతి సైగలతోనే మాటలాడుదురు. పిడికిలి బిగించిన ఆపుమని, వ్రేలు త్రిప్పిన రాడ్డు తెమ్మని. ఒక రాడ్డు దిగిపోగానే గాలి ఆపి, క్రిందిరాడ్డును గట్టిపట్టుతో నిలిపి, మర విప్పి, క్రొత్తరాడ్డును తీగతో పైకెత్తి, మరకు గ్రీజు పూసి బిగింతురు. నలుగురు మనుషులు, ఎనిమిది చేతులు, క్షణము తప్పిన వ్రేళ్లు నలుగును. తిరుగుచున్న రాడ్డుదగ్గరకు చీరకొంగుతోగాని విరబోసిన జడతోగాని పోరాదు. పిల్లలను అసలే పోనీయరాదు. ఆ దుమ్ములోనే దినమంతయు నిలుచు పిల్లలు ముక్కులకు తువాలుగుడ్డ కట్టుకొనుట తప్ప వేరు రక్షణ యెరుగరు. రాతిదుమ్ము ఏండ్లకొలది పీల్చిన ఊపిరితిత్తులు గట్టిపడి, ఆ జబ్బు తిరిగి నయముకాదు. వదినగారు మజ్జిగ ఇచ్చుచు ఒక పిల్లవానిని "మీ యూళ్లో నీళ్లెంత లోతున్నాయి బాబూ?" అని అడిగిరి. వాడు నవ్వి, వంగి నూతిలో చెంబు ముంచినట్లు చేయి చూపెను.

వదినగారికి ఒక పద్ధతి యున్నది. దిగిన ప్రతిరాడ్డునకు మోటారుగది గోడమీద బొగ్గుతో ఒక గీత. అయిదు గీతలైన అడ్డముగా ఒక కొట్టివేత. అయిదు రాడ్లనగా నూరడుగులు. గీతప్రక్కన దుమ్మురంగు ఒక్కమాటలో వ్రాయును: ఎఱ్ఱ, గరుసు, బూడిద, నలుపు, నలుపు, నలుపు. పని ముగిసి రాడ్లు పైకి తీయునపుడు మరల లెక్కపెట్టును. దిగినవెన్నో లేచినవన్నియే యుండవలెను. మేనేజరు పుస్తకము, గోడ, రెండును సరిపోవలెను. ఈ పద్ధతి ఎవరైనను అవలంబింపదగినది. ఖర్చు ఒక బొగ్గుముక్క.

తొమ్మిదవ గీతకు దుమ్ము ఎగయుట తగ్గి ముద్దలుగా పడసాగెను. అనగా తడి తగిలినది. పదమూడవ గీతకు హ్యామరు చప్పుడు ఒక్కసారి మారినది. అంతవరకు గలగలలాడుచుండినది గుప్పుమని, రాడ్డు జానెడు దానంతటదియే దిగినది. డ్రిల్లరు మొగము మొదటిసారి విచ్చుకొన్నది. రాతిలో పగులు తగిలినదన్నమాట. తరువాతి నిమిషమున బోరునోటినుండి బురదనీరు స్తంభమెత్తు చిమ్మినది. పిల్లలు కేకలువేయుచు తడిసిరి. పెద్దలును తడిసిరి. ఆ నీటిని చిన్నకాలువగా కట్టి, కోణపుగాటుగల రేకు నిలిపి, దానిమీదుగా పారు నీటియెత్తు కొలిచిరి. ఒకటింబావు అంగుళము. 260 అడుగులు.

ఇక్కడనే అసలు సంగతి మొదలు.

"ఇంకొక రాడ్డు వేయించుదాము" అనెను అన్నయ్య. ఎదుటిచేను ఆసామి "ఇంకొక రాడ్డు" అనెను. మేనేజరు ఏమియు అనలేదు. పుస్తకము తెరచి నిలుచుండెను. అడుగునకింత అని కూలి పుచ్చుకొనువాని నోట చాలు అను మాట రాదు. అది వాని దోషము కాదు. అదిగాక ఈ కూలి సమముగా నుండదు. మొదటి మూడువందల అడుగులకు ఒక ధర, ఆపైన ప్రతి నూరడుగులకు ధర హెచ్చుచుపోవును. లోతుపోయినకొలది ఆశ తగ్గును, ధర పెరుగును. ఒక్కరాడ్డే గదా యను మాట పదునైదుమారులు అన్నచో మూడువందల అడుగులు.

వదినగారు డ్రిల్లరునే అడిగిరి. "పడమటివీథిలో మొన్న మీరే వేశారట గదా, ఎంతకు పోయారు?" ఆయన వ్రేళ్లు మడిచి 720 అనెను. నీరు? అరచేయి బోర్లించెను. దుమ్మే. పిమ్మట ఆయన యంత్రమాపి చెప్పిన మాటలివి: "అమ్మా, రాయి నీళ్లు పుట్టించదు. పగులు ఉంటే నీళ్లు. పైన పగుళ్లు ఎక్కువ, క్రిందికి పోయేకొద్దీ రాయి మూసుకుంటుంది. అదృష్టముంటే ఇంకొకటి తగులుతుంది. నేను చూసినవాటిలో తగలనివే ఎక్కువ."

మరియొక భయముకూడ నుండెను. మా ప్రాంతపు నీటిలో ఫ్లోరైడు హెచ్చు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరుజిల్లాలోనివి. ఎముకలను వంచు ఆ జబ్బును మన దేశమున షార్టు మొదలైన వైద్యులు 1937లో ఆ జిల్లాలోనే గుర్తించి వ్రాసిరి. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగరానిది. నీరు రాతిసందులలో ఎంతకాలము నిలిచిన అంతగా ఆ ఫ్లోరైడును కరగించుకొనును. కావున లోతునీరు చల్లగా, తేటగా, రుచిగా ఉండియు బిడ్డల పండ్లమీద మచ్చలు తేవచ్చును. చేనిబోరే యైనను, కూలివారు, పిల్లలు దోసిలిపట్టి త్రాగునది దానినే గదా!

"మూడు రాడ్లు. అంతే. నాలుగోది నా గాజులతో వేయించవద్దు" అనిరి వదినగారు. ఆమె గొంతు హెచ్చలేదు. అన్నయ్య చాలసేపు గోడమీది గీతలు చూచి తలయూపెను. మూడు రాడ్లు దిగినవి. నీరు పెరుగలేదు. 320 అడుగులకు ఆపిరి. మిగిలిన సొమ్ముతో బొట్టుబొట్టుగా నీరిచ్చు గొట్టములు తెచ్చి మూడవకోత నిలుపుకొనిరి. గాజులు రెండు విడిపించిరి, రెండు ఇంకను అక్కడనే యున్నవి.

యంత్రము దించకముందే ఆమె ఇంకొక మాట పట్టుపట్టినది: ఎండిపోయిన పాతబోరును అడుగునుండి రాళ్లు, మట్టితో నింపవలెను, క్రొత్తదానికి ఇనుపమూత బిగింపవలెను, అప్పుడే తుదిసొమ్ము. 2017 జూనులో చేవెళ్లవైపు ఒక పసిబిడ్డ మూతలేని బోరులో పడి దక్కలేదు. ఆ ఆగస్టులోనే మన వినుకొండవైపు ఉమ్మడివరములో పడిన రెండేండ్ల బాలుని ప్రాణములతో తీయగలిగిరి. ఆరున్నర అంగుళముల రంధ్రమే కదా యని పెద్దలకు తోచును. పసివాని భుజములకు అదియే నుయ్యి. 2010లోనే సుప్రీముకోర్టువారు బోరుచుట్టు కంచె, కేసింగుచుట్టు సిమెంటుదిమ్మె, గట్టిమూత, వదలివేసిన బోరును నేలమట్టమువరకు పూడ్చుట తప్పనిసరి యని శాసించిరి. అది ఆచరణలో గోడమీది గీతవలె ఎవరో ఒకరు నిలిచి చూచుకొన్నచోటనే జరుగుచున్నది.

ఇక ఇసుక సంగతి.

పుట్టింటి కథ విని మా బావగారు ఉత్సాహపడిరి. వాడరేవులో మా పెరటి బోరు పాతదై, వేసవిలో నీరు సన్నగిల్లుచుండెను. ఆ జట్టే చీరాలమీదుగా పోవుచున్నదని తెలిసి డ్రిల్లరును పిలిపించిరి. ఆయన పెరటిలో వంగి గుప్పెడు ఇసుక తీసి వ్రేళ్లసందున జారవిడిచి, "ఇక్కడ నా సుత్తికి కొట్టడానికి ఏమీ లేదు సార్" అని నవ్వెను. ఆ గాలి ఇసుకను ఊదివేయగా చుట్టునున్నది విరిగి హ్యామరునే పూడ్చివేయునట. కాఫీ త్రాగి, పైసా పుచ్చుకొనక పోయెను.

ఇసుకకు తగిన లారీయంత్రము వేరొకటి కలదు. దానిని మేము చూచినది మా ప్రక్కస్థలములో యాత్రికుల బసకు కట్టిన భవనమువద్ద. వారి పేరు ఇక్కడ అనవసరము. ఈ యంత్రమున సుత్తి లేదు. బిట్టు కవ్వమువలె తిరుగుచు చిలుకును. గాలికి బదులుగా బెంటొనైటు అను జిగటమట్టి కలిపిన చిక్కని నీటిని రాడ్డులోగుండ పంపుదురు. ఆ బురద ఇసుకను పైకితెచ్చి ప్రక్కగుంటలో దింపి మరల లోపలికి పోవును. అదియే గోడలకు అలికినట్లంటి ఇసుక విరుగకుండ పట్టుకొనియుండును. జట్టు పెద్ద పది అడుగులకొకసారి వచ్చిన ఇసుకను తీసి, సంక్రాంతి గొబ్బెమ్మలవలె వరుసగా చిన్నకుప్పలు పెట్టించెను. పసుపుఇసుక, ముతకఇసుక, సన్ననిది, బూడిదరంగు బంకమన్ను, గుల్లముక్కలు. ఏ కుప్పయెదుట చిల్లులగొట్టము నిలుపవలెనో ఆ వరుస చూచి నిర్ణయించును. పిమ్మట గొట్టముచుట్టు గులకరాళ్లు పోసి, బురద పోవువరకు గాలితో ఊది కడుగుదురు.

ఆ ముతకఇసుక కుప్పవద్దనే ఆపుమని జట్టుపెద్ద చెప్పుట మేము గోడ యివతలనుండి వింటిమి. అక్కడను అదేమాట వినబడినది, "ఇంకొక రాడ్డు" అని. బంకమన్ను దాటిపోయిరి. వచ్చిన నీరు ముసలి పనివాడొకడు నాలుకకు తాకించి ఉమిసివేసెను.

దీనికి కారణము మన వంటయింటనే యున్నది. నిలువయుంచిన మజ్జిగమీద తేట తేరును. మెల్లగా వంచుకొన్న తేట మాత్రమే వచ్చును. గరిటె లోతుగా దించిన, లేక వేగముగా వంచిన, క్రిందిది కలిసి తేట చెడును. తీరపు ఇసుకలో వాననీరు ఆ తేట. దానిక్రింద సముద్రపు ఉప్పునీరు ఎప్పుడును ఉండియేయుండును. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక, కావున తేలుచున్నది. 1888–1901 నడుమ హాలెండు దేశపు గైబెన్, జర్మనీ దేశపు హెర్జ్‌బర్గు ఎవరికివారే దీని లెక్క కట్టిరి. సముద్రమట్టముమీద మంచినీరు ఒక అడుగు లేచియున్న, మట్టముక్రింద సుమారు నలువది అడుగులు మంచినీరుండును. ఈ లెక్క వినుటకు సంతోషముగా నుండును. తిరుగవేసి చూచిన భయముగొలుపును. తోడితోడి పైనీటిని అడుగు తగ్గించితిమేని, క్రిందనుండి ఉప్పునీరు నలువది అడుగులు పైకి రాదలచును. మెట్టలో లోతు వృథా. ఇక్కడ లోతు విషము.

మా అత్తగారికి గైబెన్ తెలియదు, దొరువు తెలియును. చీరాల, బాపట్ల తీరమున ఇసుకలో మనిషిలోతు గుంటలు తీసి, ఊరిన నీటిని కుండలతో ముంచి మొక్కలకు పోయుచుండిరి. ఆ గుంటయే దొరువు. ముంచినంత ఊరును, ఊరినంతే ముంతురు. ఎవరును దానిని ఉప్పగా చేయలేకపోయిరి, చేతికుండకు అంత బలము లేదు గనుక.

ఆ భవనమువారు గొట్టమును పైకి తీయించి, మంచినీటి పొరలో నిలిపి, పెద్దమోటారు రేయింబవళ్లు నడిపిరి. మరుసటి వైశాఖమున మా యింట కందిపప్పు ఉడుకుట మానెను. అత్తగారు ఒక్కమాటయు అనక, చీరాలనుండి తెచ్చిన డబ్బానీటితో గుప్పెడు, మా బోరునీటితో గుప్పెడు పప్పు రెండుగిన్నెలలో ప్రక్కప్రక్కన పొయ్యిమీద పెట్టిరి. ఒకటి మెదిగినది, రెండవది పలుకుగనే యుండెను. ఆ రెండు గిన్నెలను తీసికొనిపోయి ఆ భవనపు యజమానురాలి యెదుట పెట్టిరి. ఆమెయు ఇల్లాలే. తన కుళాయినీరు అంతకుముందే ఉప్పదేలినదని, లారీనీరు కొనుచున్నామని చెప్పి కండ్లు దించుకొనెను. అప్పటినుండి వారి మోటారు పగలు కొన్ని గంటలే తిరుగుచున్నది.

మేము లారీయంత్రపు ఆలోచన విడిచితిమి. బాపట్లలోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఈ దొరువునే సవరించి యొక పద్ధతి నేర్పియున్నారు. లోతులేని చిన్ననుయ్యి వరలతో దించి, నీటిమట్టమునకు కొంచెము దిగువగా ఇరుప్రక్కల చిల్లులగొట్టములను అడ్డముగా పరచి, చుట్టు గులకరాళ్లు పోయుదురు. నీరు ఒకచోటినుండి లోతుగా గాక, విశాలమైన మేరనుండి పలుచగా వచ్చి నూతిలో చేరును. తేటను అంచుగుండ వంచుకొనుట వంటిదే. నలుగురు మనుషులు, పారలు, ఇసుక విరుగకుండ ఆపుటకు సరుగుడు కర్రలు, మూడు దినములు. నుయ్యి పండ్రెండడుగులు. అరగుఱ్ఱపు మోటారు ఉదయము అరగంట, సాయంత్రము అరగంట నడుపుచున్నాము. మొదటియేడు నీరు చప్పగా, కొంచెము ఉప్పగా ఉండెను. కార్తీకపు వానలు రెండు గడచినవి. ఈ వేసవిలో కందిపప్పు రెండు విజిళ్లు ఎక్కువ తీసికొనుచున్నది గాని మెదుగుచున్నది.

బావగారు నూతివరలు దించు దినమున పనివారితో "ఇంకొక వర దించకూడదా?" అని అడిగిరి. పనివాడు సమాధానము చెప్పకమునుపే అత్తగారు అరుగుమీదనుండి, "పన్నెండే చాలు నాయనా, ఇంక గట్టు కట్టించు" అనిరి. గట్టు మోకాలెత్తు కట్టి, మూత వేయించి, తాళముచెవి ఆమె మొలకు కట్టుకొనిరి.